ఎలిజబెత్ కాలపు థేమ్స్ ఒడ్డు లీజు పత్రాన్ని ఎలా చదవాలి?

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న బ్యాంక్‌సైడ్ నాటకశాలల గురించి మన ఇంగ్లీషు ఎం.ఏ. విద్యార్థులు ఏటా వ్యాసాలు రాస్తూనే ఉంటారు, అందులో లీజు తేదీలను ఏటా తప్పుగా వేస్తూనే ఉంటారు. ఒకే పత్రానికి ఒక వ్యాసంలో ఒక సంవత్సరం, మరో వ్యాసంలో మరో సంవత్సరం కనిపించడానికి కారణం పత్రంలో లేదు, చదివే పద్ధతిలో ఉంది.

కావలసినవి కొద్దే: పత్రం అచ్చు ప్రతి, జాన్ నార్డెన్ 1593లో వేసిన లండన్ పటం నకలు, గీతల కాగితం, పెన్సిల్. పెన్ను వాడకూడదు. ఆ కాలపు గొలుసుకట్టు చేతిరాత మొదట్లో ఎవరికీ అర్థం కాదు కనుక అచ్చు ప్రతితో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

మొదట ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో రాసుకోండి. ఇక్కడ భూమి యజమానిని, ఆ పేట మీద అధికారం ఉన్నవారిని వేరువేరు గడులలో పెట్టాలి. ఫిలిప్ హెన్‌స్లో రోజ్ నాటకశాల కట్టిన స్థలం నదికి అవతల, లండన్ నగరంలో ఉన్న సెయింట్ మిల్డ్రెడ్ చర్చి పారిష్‌ది, అంటే ఆ చర్చి కింది పేటవారిది. కానీ ఆ స్థలం ఉన్న క్లింక్ లిబర్టీ అనే పేట వించెస్టర్ బిషప్ అధికారంలోది. నగర మేయర్ మాట అక్కడ చెల్లదు, నాటకాలవాళ్లకు ఆ ఒడ్డు నచ్చడానికి అదొక ముఖ్య కారణం.

ఇక తేదీ. ఇక్కడ తొందర పడవద్దు.

ఆ పత్రాలలో సంవత్సరం రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది రాణి పాలనా సంవత్సరం. ఎలిజబెత్ 1558 నవంబరు 17న రాణి అయింది కనుక ఆమె ప్రతి పాలనా సంవత్సరమూ నవంబరు 17న మొదలై మరుసటి నవంబరు 16న ముగుస్తుంది. పత్రం తేదీ జనవరి 1కీ నవంబరు 16కీ మధ్యది అయితే పాలనా సంవత్సరపు సంఖ్యకు 1558 కలపాలి. నవంబరు 17కీ డిసెంబరు 31కీ మధ్యది అయితే 1557 కలపాలి. పాత పట్టాలలో ఫసలీ సంవత్సరానికి 590 కలిపి లెక్క చూసిన మనవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

రెండవది క్రీస్తు శకం, చిక్కంతా దీనితోనే. ఇంగ్లండులో 1752కు ముందు చట్టరీత్యా కొత్త సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న వచ్చేది. మన ఉగాది కూడా దాదాపు ఆ రోజులలోనే వస్తుంది కనుక ఈ సంగతి మనకు ఇట్టే అర్థం కావాలి, అయినా అందరూ జారిపడేది ఇక్కడే. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న తేదీకి పత్రంలో క్రీస్తు శకం ఇచ్చి ఉంటే, మన లెక్కలోకి మార్చడానికి దానికి ఒకటి కలపాలి. అయితే పాలనా సంవత్సరం నుంచి పై సూత్రంతో తేల్చిన సంవత్సరానికి మళ్లీ ఒకటి కలపకూడదు, ఎందుకంటే ఆ సూత్రం జనవరి లెక్కతోనే కట్టినది. రెండు సవరణలూ చేసి 1600కు చేరుకున్న గ్లోబ్ (షేక్‌స్పియర్ బృందపు నాటకశాల) లీజును నేను ఒకటి కంటే ఎక్కువ వ్యాసాలలో చూశాను.

ఆ లీజునే తీసుకోండి. తేదీ పాలన 41వ ఏట ఫిబ్రవరి 21. 1558కి 41 కలిపితే 1599. ఆనాటి గుమస్తా క్రీస్తు శకం రాసి ఉంటే 1598 అనే రాసేవాడు. హెన్‌స్లో చేతికి రోజ్ స్థలం లీజు వచ్చింది మార్చి 24న, అంటే పాత సంవత్సరపు చిట్టచివరి రోజున. అది వాళ్లకు 1584, మనకు 1585. ఇలాంటి తేదీని 1584/5 అని జంటగానే రాయాలి. ఒక్క అంకె వేసి అడుగున వివరణ ఇస్తే చాలదా అని కొందరు అంటారు. చాలదు, ఆ వివరణ ఎవరూ చదవరు. యూరప్‌లో కొన్ని దేశాలు 1582లో క్యాలెండరు మార్చుకున్నాయి కదా అని పది రోజులు కలిపే అతితెలివి అసలే వద్దు. ఇంగ్లండు ఆ మార్పును అప్పుడు ఒప్పుకోలేదు.

పత్రం తేదీ వేరు, గడువు మొదలయ్యే తేదీ వేరు అన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. గ్లోబ్ లీజు రాసింది ఫిబ్రవరిలోనే అయినా 31 ఏళ్ల గడువును అంతకుముందు గడిచిన 1598 క్రిస్మస్ నుంచి లెక్కించారు.

డబ్బు లెక్క సులువు: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, ఒక మార్కు 13 షిల్లింగుల 4 పెన్నీలు. ‘ఫైన్’ అన్న మాట కనిపిస్తే జరిమానా అనుకోకండి. అది లీజులో చేరేటప్పుడు ఒకేసారి ఇచ్చే సొమ్ము, మన హైదరాబాదు దుకాణాల పగిడీ లాంటిది. రోజ్ స్థలానికి ఏటా అద్దె 7 పౌండ్లు. 1605లో తీరబోయే గడువును పొడిగించమని 1603లో అడిగితే పారిష్ వారు ఏటా 20 పౌండ్ల అద్దె ఇవ్వాలని, దానికి తోడు కట్టడం మీద 100 మార్కులు ఖర్చు పెట్టాలని అడిగారట. అంతకంటే నాటకశాలను కూలగొట్టడమే నయమని హెన్‌స్లో తన పద్దుల పుస్తకంలో రాసుకున్నాడు.

చివరిగా నాలుగు హద్దులను పటం మీద పెన్సిల్‌తో గీయండి, కానీ దిక్కులను పూర్తిగా నమ్మకండి. గ్లోబ్ స్థలానికి ‘పార్క్’ అనే భూమి ఉత్తరాన ఉందని చెప్పే పత్రపాఠాన్ని పట్టుకుని, నాటకశాల మెయిడెన్ లేన్ అనే వీధికి ఉత్తరాన ఉండేదని 20వ శతాబ్దం మొదట్లో గట్టిగా వాదించినవారున్నారు. 1989లో తవ్వినప్పుడు పునాదులు ఆ వీధికి దక్షిణాన బయటపడ్డాయి. పెన్ను వద్దన్నది అందుకే.