మ్యూజియంలో పాత ఫొటోల రోజు పెట్టాలంటే

ఊళ్లోవాళ్లు ఇళ్లలోని పాత ఫొటోలు తెస్తే, స్కాన్ చేసుకుని తిరిగిచ్చే రోజు ఇది. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు అయిపోయాక ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెట్టండి. వానాకాలం వద్దు, తేమకి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ‘పాత ఫొటోలు తెండి’ అంటే ఎవరూ కదలరు. ‘1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను ఫొటోలు’ అని చాటించండి, బీరువాలు తెరుస్తారు.

స్కానరుకి గంటకి పదిహేను ఫొటోల లెక్కన టోకెన్లివ్వండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. వెనక బాల్‌పెన్నుతో రాస్తే నొక్కు ముందువైపు తేలుతుంది, అందుకే నెంబరు కవరు మీదే వేయాలి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని పీకితే బొమ్మ పొర ఊడొస్తుంది. దాన్ని అద్దంతో సహా, పక్కవాటు వెలుతురులో, కెమెరాతో తీయండి.

అసలు విలువ మాటల్లో ఉంది. ‘ఎడమ నుంచి వరసగా ఎవరెవరండీ?’ అని అడిగి రాసుకోండి. వరద ఎంతెత్తు వచ్చిందంటే పెద్దవాళ్లు అడుగుల్లో చెప్పరు, గోడకి చెయ్యి ఆనించి చూపిస్తారు. టేపుతో కొలవండి. ఆ ఎత్తు వాళ్ల అరుగు మీద నుంచా, వీధి నుంచా అన్నది రాయకపోతే కొలత ఎందుకూ పనికిరాదు.

స్కాన్లు మ్యూజియం వాడుకోవడానికి అనుమతి పత్రం రెండు కాపీలు రాయించండి, ఒకటి ఇంటివాళ్లకి. ఫొటోలు మాత్రం సాయంత్రంలోగా వాళ్ల చేతికే తిరిగివ్వాలి.