హరప్పా నాగరికత విస్తృతిని పటంపై గుర్తించే పద్ధతి

విశాఖపట్నంలో పోటీ పరీక్షలకు చదువుతున్నవారిలో చాలామంది హరప్పా నాగరికత విస్తృతిని నాలుగు పేర్లుగా కంఠస్థం చేస్తారు: ఉత్తరాన మాండా (జమ్మూ), తూర్పున ఆలంగీర్‌పూర్ (ఉత్తరప్రదేశ్), దక్షిణాన దైమాబాద్ (మహారాష్ట్ర), పడమర సుత్కాగెన్‌డోర్ (బలూచిస్థాన్). పేర్లు సరైనవే గాని, వాటిని ఏ ఆధారంతో నిర్ణయించారో తెలియనంతవరకు పటంలోని చుక్కకు అర్థం ఉండదు. అందుకే పటాన్ని మీరే గీయండి.

ముందుగా భీమిలి దారిలోని తొట్లకొండను తలచుకోండి. అక్కడి బౌద్ధారామం తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంతమాత్రాన మన తీరం రోమన్ల స్థావరమని ఎవరూ అనరు. సముద్ర వ్యాపారం ఇక్కడిదాకా సాగిందని మాత్రమే అంటారు. హరప్పా పటానికీ ఇదే కొలమానం. మనుషులు స్థిరపడిన చోటికి నిండు చుక్క, వస్తువులు మాత్రమే చేరిన చోటికి ఖాళీ వృత్తం వాడండి.

నిండు చుక్కకు ఒక్క ఆధారం చాలదు. మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉన్న ఇటుకలు, ఎర్రని పూతపై నల్లని చిత్రాలున్న మట్టిపాత్రలు, లిపి చెక్కిన ముద్రికలు, చెర్ట్ అనే గట్టి రాతితో చేసిన ఘనాకారపు తూనికరాళ్లు, వీటిలో కొన్నైనా ఒకే పొరలో కలిసి కనిపించాలి. నేను ఎక్కువ విలువనిచ్చేది తూనికరాళ్లకు. చిన్న తూకాలు 1, 2, 4, 8, 16, 32, 64 వరుసలో రెట్టింపవుతాయి. 16 ప్రమాణాల రాయి సుమారు 13.7 గ్రాములు తూగుతుంది. పాత్రను చూసి పాత్ర చేయడం ఏ కుమ్మరికైనా సాధ్యమే. పాకిస్థాన్ పంజాబ్‌లోని హరప్పాలోనూ గుజరాత్‌లోని లోథల్‌లోనూ ఒకే తూకం చెల్లాలంటే మాత్రం రెండుచోట్ల వర్తకులు ఒకే కట్టుబాటుకు లోబడి ఉండాలి.

దూరాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఉత్తర అఫ్గానిస్థాన్‌లో, అమూ దర్యా పరీవాహకంలోని షోర్తుఘై సింధు మైదానానికి ఎంతో దూరం. అయినా అక్కడ హరప్పా తరహా ఇటుకలు, పాత్రలు, ఖడ్గమృగం చెక్కిన ముద్రిక దొరికాయి. లాపిస్ లాజులి అనే నీలి రంగు రాయి దొరికే బదక్షాన్ గనులు దగ్గర్లో ఉండటమే వారు అక్కడ నివసించడానికి ప్రధాన కారణమని పండితులు భావిస్తారు. మాండాకు ఇంకా ఉత్తరాన, ప్రధాన ప్రాంతానికి దూరంగా ఉన్న విడి స్థావరమైనా, దానికి నిండు చుక్కే పెట్టండి. ఇరాక్‌లోని ఉర్‌లో సింధు ముద్రికలు, తెల్లని గీతలున్న కార్నీలియన్ (ఎర్రని రాయి) పూసలు దొరికాయి. ఒమన్ తీరంలోని రాస్ అల్ జింజ్‌లో హరప్పా లిపి ఉన్న పాత్ర పెంకు దొరికింది. ఈ రెండింటికీ ఖాళీ వృత్తాలు పెట్టి, లోథల్ వైపు నుంచి బాణం గీయండి. మెలుహ్హా ఓడలు తన రేవులో నిలిచాయని మెసొపొటేమియా (నేటి ఇరాక్)లోని అక్కద్ రాజు సార్గాన్ శాసనం చెబుతుంది; మెలుహ్హా సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం కాబట్టి, ఆ బాణానికి రాతపూర్వక సాక్ష్యం కూడా ఉన్నట్టే.

చివరగా కాలాన్ని రంగులతో వేరుచేయండి. నగర దశ సుమారు క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు సాగింది. దైమాబాద్‌లోని హరప్పా ఆధారాలు దాని తర్వాతి మలిదశకు చెందినవి. కనుక మొహెంజొదారోకు వేసిన రంగును దైమాబాద్‌కు వేయకూడదు.