ఓపెన్ డి మైనర్: ట్యూనర్ సరే అంటుంది, చెవి ఒప్పుకోదు

"ఆరు తీగలూ ట్యూనర్‌లో సరిగ్గానే ఉన్నాయి, అన్నీ కలిపి మీటితే మాత్రం అపశ్రుతి." గిటారును ఓపెన్ డి మైనర్‌కు (ఏ తీగనూ నొక్కకుండా మీటితేనే డి మైనర్ కార్డ్ పలికే శ్రుతికి) మార్చినవాళ్ల నుంచి నేను తరచూ వినే ఫిర్యాదు ఇది. నేను తిరిగి అడిగేదీ ప్రతిసారీ ఒకటే: రెండో విడత శ్రుతి చేశారా? చాలామంది చేసి ఉండరు.

లావు తీగ నుంచి సన్న తీగ వరకు స్వరాలు డి, ఏ, డి, ఎఫ్, ఏ, డి. మామూలు శ్రుతి నుంచి ఇక్కడికి రావడానికి ఆరు, మూడు, రెండు, ఒకటో తీగలను రెండేసి ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల) మేర దించుతాం. ఐదు, నాలుగు తీగలను ముట్టుకోం. ముట్టుకోలేదు కనుక అవి ఉన్నచోటే ఉంటాయనుకోవడం తొలి పొరపాటు. రెండు ఫ్రెట్లు దించిన తీగలో బిగువు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. నాలుగు తీగల్లో అంత బిగువు పోయేసరికి మెడ కాస్త వెనక్కి వాలుతుంది, మనం ముట్టుకోని ఏ, డి తీగలు పైకి పోతాయి. ఐదు నిమిషాలు వాయించి, మళ్లీ ఆరో తీగ నుంచి మొదలుపెట్టండి. ప్రతి తీగనూ కావలసిన స్వరం కంటే కిందికి దించి, అక్కడి నుంచి బిగిస్తూ స్వరానికి చేరండి. ట్యూనర్ క్రోమాటిక్‌లో (పన్నెండు స్వరాలనూ చూపే పద్ధతిలో) ఉందో లేదో, అందులో ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్‌ల దగ్గరే ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. ఈ మూడూ చేయకుండా కింద రాసినవేవీ చదవనక్కర్లేదు.

వాయిస్తుంటే మూడో తీగ జారిపోతోంది

కారణం నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి. తీగను దించినప్పుడు అది గాడిలో పట్టుకుపోతుంది. నట్‌కు అవతల, కీ (తీగ బిగించే మర) వైపున్న ముక్క వదులవుతుంది, ఇవతల మోగే భాగంలో బిగువు మిగిలే ఉంటుంది. ట్యూనర్ ఆ క్షణంలో చూపింది నిజమే. నాలుగు సార్లు గట్టిగా మీటగానే తీగ గాడిలోంచి జారి రెండు వైపులా బిగువు సమమవుతుంది, స్వరం పడిపోతుంది. తీగ తీసి గాడిలో మెత్తని పెన్సిల్ ములుకు రుద్దండి. శ్రుతి చేశాక పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను వేలితో నెమ్మదిగా పైకి లాగి వదిలి, మళ్లీ సరిచూడండి.

అన్నీ సరిచూశాక కూడా కార్డ్ కలవడం లేదు

ఇక్కడే నేను చాలా కాలం నష్టపోయాను కనుక వివరంగా చెబుతాను.

ఓపెన్ డి మేజర్ అలవాటైన వాళ్లకు ఒక చిట్కా తెలిసే ఉంటుంది: మూడో తీగ మీది ఎఫ్ షార్ప్‌ను ట్యూనర్ చూపేదాని కంటే 10 నుంచి 14 సెంట్లు దించితే కార్డ్ తియ్యగా కలుస్తుంది. ఒక ఫ్రెట్ దూరం 100 సెంట్లు. మైనర్‌కు వచ్చాక కూడా చెయ్యి అదే పని చేస్తుంది, ఎఫ్‌ను కాస్త దించుతుంది. కానీ ఇక్కడ దిశ తిరగబడింది. షడ్జంతో (ఇక్కడ డి) సహజంగా కలిసే మైనర్ గాంధారం (ఇక్కడ ఎఫ్) దానికి 316 సెంట్ల పైన ఉంటుంది. ట్యూనర్ ఇచ్చేది 300. అప్పటికే 16 సెంట్లు తక్కువైనదాన్ని ఇంకా దించితే తేడా 30కి చేరుతుంది.

సరే, ఎఫ్‌ను 316కే ఎత్తుదామా? నేను అదే చేశాను. ఓపెన్ కార్డ్ ఎంత బాగా కలిసిందంటే, సమస్య తీరిందని నమ్మాను. మూడో తీగ మొదటి ఫ్రెట్ నొక్కి మేజర్‌కు వెళ్లగానే చెవి విలవిల్లాడింది. తీగలు మార్చాను. నట్ గాడిని లోతు చేయించాను. అయినా పోలేదు. ఎఫ్ 316 దగ్గరుంటే మొదటి ఫ్రెట్ మీది ఎఫ్ షార్ప్ 416 దగ్గర పడుతుంది. అక్కడ చెవికి కావలసింది 386. పైగా దించిన తీగ వదులుగా ఉంటుంది కనుక గట్టిగా నొక్కితే ఇంకా పైకి పోతుంది.

మొదటి ఫ్రెట్ ముట్టుకోకుండా ఉండొచ్చు కదా అనకండి. ఓపెన్ మైనర్ శ్రుతి అందమే అది. మిసిసిపీలోని బెంటోనియాకు చెందిన స్కిప్ జేమ్స్ దీన్ని క్రాస్ నోట్ అనేవారు. 1931లో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌లో పారామౌంట్ రికార్డు కంపెనీ కోసం ఆయన రికార్డు చేసిన బ్లూస్ వింటే, మైనర్ నీడలోంచి మేజర్ వెలుగులోకి ఒక్క వేలితో ఎలా వెళ్లవచ్చో తెలుస్తుంది. ఓపెన్ మేజర్‌లో శ్రుతి చేసి మైనర్ తేవడం ఇంత సులువు కాదు.

లెక్క చూస్తే దారి కనిపిస్తుంది. సహజమైన మైనర్, మేజర్ గాంధారాల మధ్య దూరం దాదాపు 70 సెంట్లు, ఫ్రెట్ ఇచ్చేది 100. మిగిలిన 30 సెంట్ల భారం ఎక్కడో ఒకచోట మోయక తప్పదు. ట్యూనర్ స్థానం ఆ భారాన్ని రెండు వైపులా దాదాపు సగం సగం పంచుతుంది. కాబట్టి ఎఫ్‌ను ట్యూనర్ చూపిన చోటే వదిలేయండి. పాట మొత్తం మైనర్‌లోనే సాగితే ఐదారు సెంట్లు పైకి ఎత్తండి, అంతకు మించి వద్దు. కిందికి మాత్రం ఎప్పుడూ దించకండి.

అలా వదిలేసినా ఓపెన్ కార్డ్ కొంత మసకగా వినిపిస్తుంది. అందుకు అసలు కారణం ఎఫ్ కాదు, కింది డి తీగ. బాగా శ్రుతి చేసిన తంబుర ముందు కూర్చున్నవాళ్లకు స్వయంభూ గాంధారం తెలుసు: ఎవరూ మీటకుండానే మంద్ర షడ్జంలోంచి అంతర గాంధారం (మేజర్ గాంధారం) పలుకుతుంది. గిటారు ఆరో తీగా అదే చేస్తుంది. 73 హెర్ట్జ్‌ల డి, తన ఐదో ఉపస్వరంగా (మూల పౌనఃపున్యానికి ఐదు రెట్లు) 367 దగ్గర ఎఫ్ షార్ప్‌ను పలికిస్తుంది. మన మూడో తీగ సాధారణ గాంధారం (మైనర్ గాంధారం), దాని రెండో ఉపస్వరం 349 దగ్గర ఉంది. రెండు గాంధారాలూ ఒకేసారి మోగుతుంటే గరుకుదనం రాక ఏమవుతుంది? తంబురలో మనం కోరి తెచ్చుకునే ధ్వనే ఇక్కడ అడ్డు వస్తోంది.

నిర్ధారించుకోవడం తేలిక. మిగతా తీగలు ఆపి మూడు, రెండు తీగలే మీటండి, శుభ్రంగా ఉంటుంది. ఆరో తీగ కలపండి. మసక అప్పుడు వస్తే కీలను ముట్టుకోకండి, కుడిచెయ్యి మార్చండి. తీగను ఐదో వంతు దూరంలో మీటితే ఐదో ఉపస్వరం పలకదు. 65 సెంటీమీటర్ల తీగకు అది బ్రిడ్జి నుంచి 13 సెంటీమీటర్లు, అంటే సౌండ్ హోల్‌లోనే బ్రిడ్జి వైపున. ఆరో తీగను బొటనవేలితో అక్కడ మీటండి, అరచేతి అంచును బ్రిడ్జి మీద తేలికగా ఆనించండి. కార్డ్ తేటపడడం మీకే వినిపిస్తుంది.

ఇదే శ్రుతిలో శుద్ధ ధన్యాసి రాగం వాయించి చూడండి, స, ప, గ మూడూ ఓపెన్ తీగల మీదే దొరుకుతాయి. పంచమం లేని హిందోళానికి మాత్రం ఇది పనికిరాదు, పంచమం రెండు తీగల మీద మోగుతూ ఉంటుంది.

నొక్కి వాయిస్తే గరగర, లేదా తీగ తెగడం

మొదటి ఫ్రెట్లలో గరగర వస్తే బిగువు చాలడం లేదు. 0.012 అంగుళాల సెట్ (సన్న తీగ మందం) తీసి 0.013 వేయండి. అది చాలకపోతే మెడ వంపును సరిచేసే, మెడలోని ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేయించండి. నాలుగు, ఐదు తీగలు తెగుతున్నాయంటే మీరు ఓపెన్ ఈ మైనర్‌కు బిగిస్తున్నారు, అందులో ఆ రెండింటి మీద బిగువు పావు వంతుకు పైగా పెరుగుతుంది. డి మైనర్‌లోనే ఉండి రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే బిగింపు) పెట్టండి, అదే ఈ మైనర్.

కీ మర వదులవడం, శాడిల్ జరగడం, లోపలి బ్రేసు ఊడడం లాంటివి అరుదు. అవి ఉంటే మామూలు శ్రుతిలోనూ వినిపిస్తాయి. గిటారును మరమ్మతు చేసేవారికి ఇవ్వండి.