రెగే నేర్చుకుందాం – 3వ పాఠం: ‘ఒకటి’ మీద చెయ్యి పడకూడదు

రెగే అంటే జమైకావాళ్ల సంగీతం. పోయిన పాఠంలో గిటార్ మీద ‘చక్’ అనే పొట్టి దెబ్బ నేర్చుకున్నాం. దాన్నే స్కాంక్ అంటారు. చూపుడు వేలు ఇంకా నొప్పిగానే ఉండి ఉంటుంది, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. ఈసారి ఆ చక్ ఎక్కడ పడాలో చూద్దాం.

మన భజనలో తాళాలు వేసేవాళ్లను గమనించండి. లెక్కలో మొదటిదైన ఒకటి మీద గట్టిగా మోగుతాయి. రాక్ డ్రమ్మరూ అంతే, ఒకటి మీద కాలితో కిక్ డ్రమ్మును తంతాడు. జమైకావాళ్ల రెగే డ్రమ్ము వరస అయిన వన్ డ్రాప్‌లో మాత్రం ఆ ఒకటే ఖాళీ. 1, 2, 3, 4 అని లెక్కపెడితే కిక్కూ, స్నేర్ అనే చిన్న డ్రమ్ము అంచు మీద అడ్డంగా వాల్చిన కర్ర చేసే ‘టక్’మనే చప్పుడూ కలిసి మూడు మీద పడతాయి. గిటార్ చక్ 2, 4 మీద. కొందరు దీన్నే సగం వేగంలో లెక్కపెట్టి, డ్రమ్ము 2, 4 మీద పడుతుందనీ, గిటార్ అంకెల మధ్యలో వస్తుందనీ చెబుతారు. కంగారు పడకండి, రెండూ ఒకటే. మనం వేగంగా లెక్కపెట్టే పద్ధతిలోనే పోదాం.

1960ల మొదట్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్ కుర్రాళ్లు ఆడింది స్కా అనే సంగీతానికి. అది పరుగో పరుగు. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది, 1968కల్లా రెగే అనే పేరు వినబడింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య జాగా పెరగడంతో మందర స్వరాలు పలికే బేస్‌కు ఊపిరి ఆడిందని నాకనిపిస్తుంది. వీధిలో నిలువెత్తు స్పీకర్ పెట్టెలు పేర్చి పాటలు వేసే ఊరికి బేసే ప్రాణం మరి. వన్ డ్రాప్ అనగానే అందరూ తలుచుకునే డ్రమ్మర్ బాబ్ మార్లే పాడిన వెయిలర్స్ బృందంలోని కార్ల్‌టన్ బారెట్. బేస్ వాయించేది ఆయన అన్న ఆస్టన్. 1979లో వచ్చిన వాళ్ల ‘సర్వైవల్’ ఆల్బమ్‌లో ‘వన్ డ్రాప్’ పేరుతోనే ఒక పాట ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాటలు వదిలేసి, డ్రమ్ము ఎక్కడ కొట్టడం లేదో అదొక్కటే వినండి.

ఇప్పుడు గిటార్ పక్కన పెట్టండి. ఆది తాళం వేయడం వస్తే మీకు సగం పని అయిపోయినట్టే. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. ఉంగరం వేలి దగ్గరా, చివరి దెబ్బ దగ్గరా నోటితో ‘దమ్’ అనండి. చిటికెన వేలు, నడిమి వేలు, రెండు విసుర్లు, ఈ నాలుగు చోట్లా ‘చక్’ అనండి. చెయ్యి తిప్పి విసిరిన ప్రతిసారీ చక్ పడుతుంది, అదే గుర్తు. మొదటి దెబ్బ దగ్గరా, ఐదో లెక్క దెబ్బ దగ్గరా నోరు మెదపకూడదు. కష్టమంతా అక్కడే. సంగీతం నేర్చుకున్నవాళ్లకే ఇది ఎక్కువ కష్టం, ఎందుకంటే సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఏదో ఒకటి అనకపోతే ప్రాణం ఒప్పదు. అనాగత ఎడుపు కీర్తనలు, అంటే తాళం మొదలయ్యాక కాస్త ఆగి ఎత్తుకునేవి, పాడినవాళ్లకు కాస్త నయం.

నోటికి వచ్చాక గిటార్ తీయండి. సన్నటి మూడు తీగల మీద, ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ మెట్టు) దగ్గర, చూపుడు వేలు అడ్డంగా పరవండి. అది ఎ మైనర్ అనే కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుంపు. అదే వేలు పదో ఫ్రెట్‌కి జరిపితే డి మైనర్. రెండు కార్డులకీ ఒకటే వేలు! కుడి చెయ్యి కిందికి కొట్టగానే ఎడమ వేలి పట్టు సడలించండి, కానీ తీగ మీంచి పూర్తిగా తీయకండి. తీస్తే తీగ మోగుతూనే ఉంటుంది, చక్ కాస్తా ‘చాంగ్’ అయిపోతుంది.

నా సంగతి చెబుతా. మొదటి నెలంతా బ్రహ్మాండంగా వాయిస్తున్నాననే అనుకున్నా. ఒక రోజు ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే, ప్రతి ఒకటి మీదా సన్నగా ‘టిక్’మని వినబడింది. ఖాళీ తట్టుకోలేక కుడి చెయ్యి తనంతట తనే తీగని గీకేస్తోంది. అందుకే ఒకటి మీద కుడి చేతిని పైకి లేపి గాల్లోనే ఉంచడం అలవాటు చేసుకున్నా.

ఈ వారం అభ్యాసం. లెక్క తప్పకుండా క్లిక్కులు కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 144 క్లిక్కులు పెట్టండి. ఎ మైనర్ నాలుగు ఆవర్తాలు, డి మైనర్ నాలుగు. ఇక్కడ ఆవర్తం అంటే నాలుగు లెక్కలే. రోజుకి పది నిమిషాలు చాలు. మూడు రోజులయ్యాక 72కి దించండి, మీ వేగం మాత్రం తగ్గించకండి. ఇప్పుడు వినబడే ప్రతి క్లిక్కునీ 2 అనో, 4 అనో అనుకుంటూ దాని మీదే చక్ కొట్టాలి. 1, 3 మీరే మనసులో లెక్కపెట్టుకోవాలి. కాస్త ఏమరపాటుగా ఉంటే క్లిక్కు మీకు తెలియకుండానే ఒకటి మీదకి జారిపోతుంది. అలా జారిందని అనుమానం వచ్చిన వెంటనే ఆపేసి, క్లిక్కు పడినప్పుడు ‘రెండు’ అని పైకే అంటూ మళ్లీ మొదలుపెట్టండి. బేస్ గిటార్ ఉన్నవాళ్లు వచ్చే పాఠానికి దుమ్ము దులిపి ఉంచండి.