సబ్‌వూఫర్ కొనే ముందు మీ హాల్లో ఒక గంట

నల్గొండలో, చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇళ్ళకు సౌండ్ సిస్టమ్‌లు బిగించడం నా పని. వారానికి ఇద్దరైనా ఫోన్ చేసి అడుగుతారు: "అన్నా, సినిమా చూస్తుంటే మజా వస్తలేదు. సబ్‌వూఫర్ పెట్టిద్దామా?" నేను మోడల్ పేరు చెప్పను. "ఏం వినపడ్తలేదో ముందు అది చెప్పు తమ్మీ" అంటాను.

చాలామంది బాధ ఏమిటంటే మాటలు అర్థం కాకపోవడం. దానికి సబ్‌వూఫర్, అంటే లోతైన శబ్దం (బేస్) కోసమే ఉండే స్పీకర్, మందు కాదు. మాటకు స్పష్టతనిచ్చే హల్లుల శబ్దం ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కు (సెకనుకు వెయ్యి కంపనాలు; అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతు) పైన ఉంటుంది. సబ్‌వూఫర్ పనిచేసేది 120కి కింద. మాటలు వినపడని ఇంట్లో బేస్ పెంచితే అవి ఇంకా మునిగిపోతాయి. మిర్యాలగూడలో ఒకరింటికి వెళ్ళి హాలు మధ్యలో చప్పట్లు కొట్టాను. టింగుమని మోగింది. నేల మీద ఉత్త బండలు, ఖాళీ గోడలు, ఒక దివాన్. మాటలు వచ్చే సెంటర్ స్పీకర్ సెల్ఫు లోపల బొమ్మల వెనకాల ఉంది. దాన్ని సెల్ఫు అంచుకు లాగి, కింద అట్టముక్క మడిచి పెట్టి, మూతి చెవుల వైపుకు తిప్పాం. జంపఖానా పరిచాం. సెంటర్ లెవల్ 3 డెసిబెల్స్ పెంచాం. ఆయనకు ఆ రోజు సబ్‌వూఫర్ అవసరం పడలేదు.

మాటలు బాగానే ఉన్నాయి, పేలుడు వచ్చినప్పుడు ఛాతీకి తగలట్లేదు అంటే అప్పుడు సబ్ గురించి మాట్లాడుకోవచ్చు. ముందు మీ సౌండ్ సిస్టమ్ పెట్టె వెనకాల చూడండి. ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) అయితే 'సబ్ అవుట్' అని ఒక రంధ్రం ఉంటుంది, ఏ కంపెనీ సబ్ అయినా తగిలించొచ్చు. సౌండ్‌బార్లలో చాలావాటికి అది ఉండదు. వాటికి వాళ్ళ కంపెనీ వైర్‌లెస్ సబ్ మాత్రమే కలుస్తుంది, కొన్నింటికి అదీ కలవదు. ఇది చూసుకోకుండా కొని, నెలరోజులు అట్టపెట్టెలోనే ఉంచి నన్ను పిలిచినవాళ్ళున్నారు. నాకు మనసుకు కష్టమనిపిస్తుంది.

తర్వాత టీవీ సెట్టింగ్. 5.1 సౌండ్‌లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్) ఆ '.1' అనేది బేస్ దెబ్బల కోసమే విడిగా ఇచ్చిన ఛానల్. టీవీ ఆడియో అవుట్‌పుట్ స్టీరియో పీసీఎం (రెండు ఛానళ్ళే పంపే పద్ధతి) మీద ఉంటే ఆ ఛానల్ సాధారణంగా అక్కడే రాలిపోతుంది, ఎంత పెద్ద సబ్ పెట్టినా దానిదాకా రాదు. టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ రంధ్రానికి వైరు పెట్టి, అవుట్‌పుట్‌ను బిట్‌స్ట్రీమ్‌కు (అన్ని ఛానళ్ళనూ ఉన్నవి ఉన్నట్టు పంపేది) మార్చండి. నైట్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి, అది పెద్ద శబ్దాలను అణిచేస్తుంది.

ఇప్పుడు ఉన్న స్పీకర్ల సంగతి. ఫోన్‌లో టోన్ జనరేటర్ (ఒకే హెర్ట్జ్ శబ్దం మోగించే) యాప్ వేసుకుని, ఫోన్‌ను ఆ స్పీకర్లకు కలిపి, వాల్యూమ్ తక్కువలో 100 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి 80, 60, 50, 40 అంటూ దిగండి. 4, 5 ఇంచుల స్పీకర్లు చాలావరకు 80కీ 60కీ మధ్య నీరసపడిపోతాయి. మీవి 45 దాకా గట్టిగా నిలబడి, మీరు చూసేది వార్తలు, సీరియళ్ళు, పాటలే అయితే డబ్బులు దాచుకోండి. వారానికి రెండు యాక్షన్ సినిమాలు చూసే ఇల్లు, స్పీకర్లు 80 దగ్గరే ఆగిపోతున్నాయంటే మాత్రం సబ్ పెట్టాలి. అప్పుడు రిసీవర్‌లో స్పీకర్లను 'స్మాల్' చేసి, క్రాసోవర్ (ఏ హెర్ట్జ్‌కు కింది శబ్దం సబ్‌కు పోవాలో చెప్పే అంకె) 80 పెట్టండి. బరువు పని సబ్‌కు పోతుంది, చిన్న స్పీకర్లు కూడా హాయిగా పాడతాయి.

ఇక గది. సగం సమస్య ఇక్కడే ఉంటుంది. 40 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 28 అడుగులు. 14 అడుగుల హాల్లో సరిగ్గా సగం అల పడుతుంది కాబట్టి ఆ శబ్దం రెండు గోడల దగ్గర ఉబ్బి, మధ్యలో చచ్చిపోతుంది. సోఫా నట్టనడుమ ఉన్నవాళ్ళు "బేస్ లేదు" అంటారు. సోఫాను రెండడుగులు వెనక్కి జరిపి మళ్ళీ వినండి, ఇది పైసా ఖర్చు లేని పని. పొడవు వెడల్పులు ఒకటే ఉన్న గది మరీ కష్టం. నా సొంత గది 12 బై 12. నా మొదటి సబ్, 12 ఇంచులది, మూలకు పెట్టాను. రెండు వైపుల గోడలూ 47 హెర్ట్జ్ దగ్గరే మోగి, డప్పు కొట్టినా పిడుగు పడినా ఒకటే బుమ్మ్. అలసిపోయి నెలకు దాన్ని ఆపేశాను. తప్పు సబ్‌ది కాదు, మూలది.

అందుకే ఇప్పుడు నా దగ్గర పాత 10 ఇంచుల సబ్ ఒకటి పెట్టుకుని, కొనేవాళ్ళ ఇంటికి ముందు దాన్నే తీసుకుపోతాను. మీరూ తెలిసినవాళ్ళ దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. సబ్‌ను మీరు కూర్చునే చోట, సోఫా మీదే పెట్టండి. బేస్ గిటార్ స్వరాలు మెట్లు ఎక్కి దిగినట్టు పోయే పాట వేసి, గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ వినండి. ఒక చోట కొన్ని స్వరాలు మాయమవుతాయి, ఇంకోచోట ఒకే స్వరం మీద పడుతుంది. అన్నీ ఒకే తూకంగా వినపడిన చోట సుద్దముక్కతో గీత గీయండి. సబ్ అక్కడికి పోవాలి, మీరు సోఫాలోకి రావాలి. సబ్ మీద ఉండే ఫేజ్ స్విచ్ (సబ్ అలలు స్పీకర్ల అలలతో కలిసేలా చేసేది) 0లో ఒకసారి, 180లో ఒకసారి విని, ఎక్కడ నిండుగా ఉంటే అక్కడ వదిలేయండి. గదిలో ఎక్కడా గీత పడలేదంటే, అంటే సబ్ పెట్టగలిగిన ఏ చోటా బాగా లేదంటే, కొనకండి.

రేకుల గదులవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి మెల్లగా వాల్యూమ్ పెంచుతూ గదంతా తిరగండి. దేవరకొండ రోడ్డులో ఒక మేడగదిలో నా పాత సబ్ పెట్టి చూస్తుంటే కరకరమని శబ్దం వచ్చి, అది పగిలిందని ఇంటివాళ్ళు భయపడ్డారు. సెల్ఫు అద్దం మీద వేలు పెట్టి నొక్కితే సగం ఆగింది. మిగతా సగం రేకు బోల్టుల దగ్గర. వాషర్లు మార్చి, అద్దానికి రబ్బరు ముక్కలు పెట్టాం.

ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. లోతైన శబ్దం గోడ దాటి పోతుంది. కింద రబ్బరు ప్యాడ్లు పెడితే నేల అదరడం తగ్గుతుంది గానీ గాలిలో పోయేది ఆగదు. అందుకని సినిమా మామూలుగా పెట్టి ఉంచి, ఆ ఇంటాయనా నేనూ పక్కింటి పెద్దమ్మను అడిగి వాళ్ళ పడకగదిలో నిలబడి విన్నాం. మాటలు రావట్లేదు, దెబ్బలు మాత్రం మంచం కోడు దాకా తెలుస్తున్నాయి. "పగలు ఏం కాదు బిడ్డా, రాత్రి నాకు నిద్ర పట్టదు" అంది ఆమె. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇళ్ళ మధ్య 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా చెప్తున్నాయి. పది కొట్టగానే సబ్ ప్లగ్గు తీసేస్తానని ఆయన ఆమెకు మాటిచ్చాక, ఆ వారం కొత్త సబ్ తెచ్చి సుద్దగీత మీద పెట్టాం.