కోఠిలో పాత పుస్తకాలు కొనేదెలా

సెమిస్టర్ మొదలవగానే కొత్త టెక్స్ట్‌బుక్కుల మీద డబ్బులు తగలేయకండి, హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్ ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే కోఠి పాత పుస్తకాల షాపులు దగ్గరే. సిలబస్ ఫోన్‌లో ఉంచుకోండి, ముఖ్యంగా జేఎన్‌టీయూ వాళ్లు, ఎందుకంటే ఆర్18 (2018 సిలబస్) పుస్తకం ఆర్22 (2022 సిలబస్) వాళ్లకి పూర్తిగా సరిపోకపోవచ్చు. ఎడిషన్ చూశాక పేజీలన్నీ తిప్పండి, చినిగినవి మధ్యలోనే ఉంటాయి. పెన్సిల్ గీతలుంటే ఇంకా మంచిది, సీనియర్ ఎవరో ఇంపార్టెంట్లు గుర్తుపెట్టినట్టే! చెప్పిన రేటులో సగం నుంచి బేరం మొదలుపెట్టండి, మొహమాటం ఉంటే నోరున్న ఫ్రెండ్‌ని తీసుకెళ్లండి (మా గ్యాంగ్‌లో ఆ డ్యూటీ ఎప్పుడూ ఒకమ్మాయిదే). నవలలకైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. ఇద్దరు కలిసి ఒకటే కొంటే, పరీక్ష ముందు రోజు అది ఎవరి దగ్గరుండాలో అక్కడే తేల్చుకోండి.