నత్త చిప్పలోంచి ఊడితే ఉడికినట్టు కాదు

వానలు పడ్డాయి. పర్లాకిమిడి, గుణుపురం సంతల్లో నత్తలు మళ్లీ కుప్పలు పోస్తున్నారు. ఒడియావారు గెండా అంటారు, మనం నత్తగుల్లలంటాం. రుచి మాత్రం ఇద్దరికీ ఒకటే. నేనూ తింటాను, మానమని చెప్పడం లేదు. కానీ నిరుడు నాట్ల రోజుల్లో మా వీధిలో ఒకాయన తల పగిలిపోయే నొప్పితో, వాంతులతో మంచం పట్టాడు. మెడ వంగలేదు. ఎండదెబ్బ అన్నారు, గాలి సోకింది అన్నారు. పది రోజుల తర్వాత వెన్నులోంచి నీరు తీసి చూస్తే మెదడు పొరల వాపని తేలింది. అంతకు రెండు వారాల ముందు ఆయన నత్తలు తిన్నాడు.

ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒక పురుగు బతుకుతుంది. దాని పిల్లలు ఎలుక పెంటలో బయటపడి నత్తలో పెరుగుతాయి. ఆ నత్త పచ్చిగా కడుపులోకి వెళితే అవి మనిషి మెదడుకు చేరతాయి.

నేను పదే పదే చూసే తప్పు ఒకటే. కాస్త మరగగానే మాంసం చిప్పలోంచి ఊడుతుంది. ముల్లుతో లాగి, నిమ్మకాయ పిండి, కూర పొయ్యి ఎక్కకముందే నోట్లో వేసుకుంటారు. అది ఊడింది, ఉడకలేదు. ఉప్పు, కారం, పులుపు, సారా ఆ పురుగును చంపవు. నీరు తెర్లుతుండగా కనీసం 5 నిమిషాలు ఉండాలి. మా ఇంట్లో 15. సాగుతోందని గొణిగేవారిని గొణగనీయండి.

నాట్లప్పుడు కాళ్లకు పట్టే దురద వేరు. అది నత్తల్లోంచి వచ్చే పశువుల పురుగు పని, కొన్నాళ్లకు తగ్గుతుంది. గట్టెక్కగానే పొడి గుడ్డతో గట్టిగా తుడుచుకోండి, గోకకండి.

నొప్పులకు మంచిదని పచ్చి నత్త రసం తాగకండి. నత్తలు కోసిన పీట మీద ఉల్లిపాయ కోయకండి. కడిగిన నీళ్లు కూరమడిలో పోయకండి. చెరువు గట్టు ఆకుకూర పచ్చిగా వద్దు. పిల్లలు చిప్పల దగ్గర కూర్చుంటే లేపేయండి, ఊడిన ముక్క వాళ్ల చేతికే ముందు వెళుతుంది. మళ్లీ చెబుతున్నాను, ఊడటం ఉడకడం కాదు. తలనొప్పి వస్తే సొంతంగా నులిపురుగుల బిళ్ల మింగకండి, పురుగు చచ్చినచోట వాపు పెరగవచ్చు. నత్తలు తిన్న సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మా వీధి ఆయన సారాతో తిన్నానని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఆ పది రోజులూ అలాగే పోయాయి.